అడవి టర్కీ పెట్ట గుడ్లు ఎక్కడ పెడుతుంది, అక్కడే ఎందుకు?

గూడు అంటాం గానీ అడవి టర్కీ పెట్ట కట్టేదేమీ ఉండదు. ఎండుటాకుల్లో కాలితో గీరి, పొట్టతో అదిమి చేసుకున్న పల్లం, అంతే. జానెడు వెడల్పు, అంగుళం లోతు. ఎక్కడినుంచో పుల్లలు మోసుకురాదు. కూర్చున్నచోట ముక్కుకు అందిన ఆకులూ గడ్డిపరకలే పరుపు. అందులో దాదాపు రోజుకొకటి చొప్పున, నడుమ ఒకటి రెండు రోజులు ఆగుతూ, పది పన్నెండు గుడ్లు పెడుతుంది. ఆ రెండు వారాలూ గుడ్ల మీద ఆకులు కప్పి వెళ్లిపోతూ ఉంటుంది. చివరి గుడ్డు పడ్డాక పొదగడానికి కూర్చుంటే, ఇక సుమారు 28 రోజులు అక్కడే. నాలుగు కిలోల పక్షి, కాకి నుంచి కయోటీ (నక్కను పోలిన వేట జంతువు) దాకా ఎవరికైనా అందే నేల మీద, ఎగిరిపోకుండా నాలుగు వారాలు కూర్చోవాలి. కట్టడంలో రక్షణ లేదు కనుక, ఉన్న రక్షణంతా చోటులోనే ఉండాలి.

ఉత్తర అమెరికా వన్యప్రాణి శాస్త్రంలో ఈ చోటు గురించి జరిగినన్ని కొలతలు చాలా తక్కువ పక్షుల విషయంలో జరిగాయి. కారణం ఉంది. వేట వల్ల, అడవుల నరికివేత వల్ల 20వ శతాబ్దం మొదట్లో దాదాపు అంతరించే దశకు చేరిన ఈ పక్షిని, 1950ల నుంచి ఫిరంగి వలలతో (ఫిరంగిలా పేల్చి పక్షుల మీదికి విసిరే వలలతో) పట్టి కొత్త అడవుల్లో వదులుతూ మళ్లీ అరవై డెబ్బై లక్షలకు తెచ్చారు. తీరా 2000ల తర్వాత అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో సంఖ్య మళ్లీ తగ్గుతోంది. పెట్ట వెంట తిరిగే పిల్లలు ఏటేటా తక్కువగా కనిపిస్తున్నాయి. దాంతో అందరి చూపూ గూటి మీద పడింది.

మన వైపు పెంచే టర్కీ కోళ్లదీ ఇదే జాతి; మెక్సికోలో మచ్చిక చేసిన అడవి పక్షి సంతతి. పెరట్లో వదిలేసి పెంచినవాళ్లకు తెలిసే ఉంటుంది: వేసిన గంపను వదిలి, కంచె చాటునో కంప కిందో గుడ్లు దాచే బుద్ధి వాటికింకా పోలేదు.

రోజుకు ఒక శాతం

చోటు విలువ ఎంతో తెలియాలంటే చిన్న లెక్క చూడాలి. ఒక గూడు ఒక రోజు గడిచి మర్నాటికి మిగిలే అవకాశం 96 శాతం అనుకుందాం. వినడానికి బాగానే ఉంది. కానీ 28 రోజులు వరసగా గడవాలి. 0.96ను 28 సార్లు గుణిస్తే 0.32 దగ్గర తేలుతుంది. అంటే మూడు గూళ్లలో ఒకటే పిల్లల దాకా వస్తుంది. అదే 97 శాతమైతే 43 శాతం గూళ్లు, 95 శాతమైతే 24 శాతం గూళ్లు మిగులుతాయి. రోజువారీ ప్రమాదంలో ఒక్క శాతం తేడా చివరికి ఫలితాన్ని ఇంతలా మార్చేస్తుంది. ఇందులో గుడ్లు పెట్టే రెండు వారాలు కలపనేలేదు. ఆగ్నేయ రాష్ట్రాల్లో ఇటీవలి అధ్యయనాలు చాలావాటిలో పొదిగి పిల్లలైన గూళ్లు నాలుగింట ఒకటి, అయిదింట ఒకటి మాత్రమే. మొదటి గూడు పోతే పెట్ట మళ్లీ పెడుతుంది. కానీ రెండోసారి గుడ్లు తగ్గుతాయి, రుతువూ ముదురుతుంది.

ఆ ప్రమాదం ఒక్కరి నుంచి కాదు. రకూన్, స్కంక్, ఒపోసమ్ అనే పిల్లి అంత జంతువులు రాత్రిపూట ముక్కుతో వెతుకుతాయి. కాకి పగలు పైనుంచి కళ్లతో వెతుకుతుంది. పెట్ట లేచి వెళ్లడం చూసిందంటే పని సులువు. మన జెర్రిపోతును తలపించే ర్యాట్ స్నేక్ పొదలోకి నిశ్శబ్దంగా దూరి గుడ్లు మింగి పోతుంది. అడవిపందులున్న చోట అవి నేలను దున్నుకుంటూ పోతూ గూటినీ కలిపేస్తాయి. బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి, కయోటీ, పెద్ద కొమ్ముల గుడ్లగూబ గుడ్ల కన్నా పెట్టనే తినేస్తాయి. కళ్లతో వెతికేవాడి నుంచి దాచేది గుబురు. ముక్కుతో వెతికేవాడికి ఆ గుబురు పెద్ద అడ్డు కాదు. పాముకైతే అదే ఇల్లు. ఒకే పొద అందరి నుంచీ కాపాడలేదన్న ఈ సంగతి గుర్తుంటే, కింద వచ్చే చిక్కుముడి కొంత విడిపోతుంది.

కూర్చున్న ఎత్తు వరకే చాటు

కొలిచినచోటల్లా మళ్లీ మళ్లీ తేలిన విషయం ఒకటుంది. గూటి చుట్టూ నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు ఉండే పచ్చదనం, అదే అడవిలో యాదృచ్ఛికంగా ఎంచిన చోటు కన్నా దట్టంగా ఉంటుంది. పైన చెట్ల గొడుగు ఎంత మూసి ఉందన్నది అంత ముఖ్యం కాదు. నిజానికి గొడుగు బాగా మూసుకుంటే కింద ఎండ పడదు, ఎండ పడకపోతే పొద లేవదు. ఎవరూ పలచన చేయని పాతికేళ్ల పైన్ తోట దూరానికి పచ్చగా నిండుగా కనిపిస్తుంది. లోపలికి వెళ్తే గోధుమరంగు సూదులు పరిచిన ఖాళీ నేల. పెట్ట అక్కడ పెట్టదు.

ఈ చాటును కొలవడానికి వాడేది రాబెల్ కర్ర. 1970లో కాన్సాస్ గడ్డిభూముల్లో గడ్డి బరువు అంచనా కోసం వచ్చిన పద్ధతి ఇది. డెసిమీటర్‌కొక గీత వేసిన కర్రను గూటి మధ్యలో నిలబెట్టి, నాలుగు మీటర్ల దూరం వెళ్లి, కన్ను మీటరు ఎత్తులో ఉంచి, ఆకుల చాటున పూర్తిగా మరుగైన గీత ఏదో నాలుగు దిక్కుల నుంచీ రాసుకుంటారు. తర్వాత యాభై నుంచి రెండు వందల మీటర్ల దూరంలో లాటరీ పద్ధతిన ఎంచిన చోట్లలోనూ అదే కొలత తీస్తారు. ఆ రెంటి తేడానే పెట్ట ఎంపికకు సాక్ష్యం.

కొలిచేవాళ్లు పొరబడే చోటు ఇక్కడే ఉంది. పెట్ట ఇంకా కూర్చుని ఉండగా దగ్గరికి వెళ్లకూడదు. గుడ్లు పెట్టే రోజుల్లో, పొదగడం మొదలైన తొలి రోజుల్లో బెదిరిస్తే గూడు వదిలేసి పోతుంది. అందుకని అంతా అయ్యాక కొలుస్తారు. ఏప్రిల్ చివర్లో పాడైన గూటిని ఏప్రిల్ చివర్లో, మే ఆఖరున పిల్లలైన గూటిని మే ఆఖరున కొలిస్తే, ఆ నెల రోజుల్లో పెరిగిన గడ్డి కూడా లెక్కలోకి వచ్చి, గడ్డి వల్లే గూడు నిలిచిందని తప్పుగా అనిపిస్తుంది. నిజానికి గూడు నిలిచింది కాబట్టి గడ్డి పెరిగేదాకా ఆగి కొలిచారు. అందుకే ఇప్పుడు గూడు ఎప్పుడు పోయినా, పిల్లలు కావలసిన తేదీ లెక్కగట్టి ఆ తేదీకే అన్నింటినీ కొలుస్తున్నారు. చాటు ఎక్కువైతే గూడు నిలుస్తుందని చెప్పిన పాత ఫలితాలను ఈ మెలిక తెలుసుకుని చదువుకోవాలి.

చాటుతో పాటు వీపుకు ఒక ఆసరా కూడా కనిపిస్తుంది. చెట్టు మొదలు, పడిపోయిన దుంగ, కలప కోతలో వదిలేసిన కొమ్మల కుప్ప, రాతి పక్క. ఒక వైపు మూసుకుని, ఇంకో వైపు చప్పున లేచి ఎగరడానికి సందు ఉన్న చోటు అది. పూర్తిగా కమ్ముకుపోయిన ముళ్లపొద నడిమధ్య గూళ్లు తక్కువ. దాక్కోవడమూ కావాలి, తప్పించుకోవడమూ కావాలి. గుబురు మితిమీరితే రెండోది పోతుంది.

నీడ సంగతి దక్షిణ మైదానాల్లో మరీ ముఖ్యం. టెక్సస్, ఓక్లహోమాలలో మే ఎండకు బయటి నేల గుడ్డులోని పిండం తట్టుకోలేనంత కాగుతుంది. పెట్ట మేతకు లేచిన ఆ కాసేపు గుడ్లను కాపాడేది పొద నీడే.

పొద మారుతుంది, సూత్రం మారదు

టర్కీ అడవి పక్షి అన్న మాట సగమే నిజం. రియో గ్రాండే ఉపజాతి ఉండే టెక్సస్ ఎడ్వర్డ్స్ పీఠభూమిలో అడవి కన్నా పశువుల మేతబీడే ఎక్కువ. అక్కడ గూడు దుబ్బు గడ్డిలో, చిన్న పొదల మొదట్లో ఉంటుంది. గడ్డి అడుగున్నరకు తగ్గకుండా నిలిచిన చోటు కావాలి. చలికాలం వానలు పడకపోతే గడ్డి లేవదు. ఆ ఏడు చాలా పెట్టలు గుడ్లు పెట్టే ప్రయత్నమే చేయవు. పశువులను అతిగా మేపిన బీడులో వాన పడినా అదే గతి. ఈ ఎండు ప్రాంతాల్లో నీటి దగ్గరితనం కూడా లెక్కలోకి వస్తుంది, పొదిగే పెట్ట నీళ్లు తాగడానికి లేవాల్సిందే గనుక. ఫ్లోరిడాలోని ఓసియోలా ఉపజాతికి ఆ చాటు సా పాల్మెట్టో ఇస్తుంది. నడుమెత్తులో విసనకర్రల్లా పరుచుకునే తాటి జాతి పొద అది. దక్షిణ డకోటా బ్లాక్ హిల్స్‌లో మెరియమ్ ఉపజాతి పాండరోసా పైన్ వాలుల్లో, రాళ్ల పక్కన, కలప కోత మిగిల్చిన కొమ్మల్లో పెడుతుంది. ఈశాన్య రాష్ట్రాల ఆకురాలు అడవుల్లో చెట్టు మొదళ్లు, కూలిన చెట్టు తలలు.

అంటే టర్కీకి ఇష్టమైన మొక్క అంటూ ఏదీ లేదు. అది చూసేది ఆకారాన్ని, ఎత్తును, సాంద్రతను. నర్సరీ నుంచి పలానా మొక్క తెచ్చి నాటితే టర్కీలు వస్తాయన్న సలహాలో పస లేనిది ఇందుకే.

అంచుల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అడవి బాటల పక్కన, కరెంటు లైన్ల కింద తెరిచిన పట్టీల్లో, పొలం గట్లలో గూళ్లు ఎక్కువగా దొరుకుతాయి. ఎండ పడి పొద లేస్తుంది, పెట్టకు నడిచి రావడం తేలిక. అయితే రకూన్, కయోటీ తిరిగే దారీ అదే. సన్నని పొద పట్టీ అయితే జంతువు దాని వెంట నడుస్తూ పోతే చాలు, అంతా వెతికేసినట్టే. పెట్ట అంచును ఎంచుకుంటోంది కాబట్టి అంచు మంచిదని తేల్చేయడం తొందరపాటు.

మంట ఆరిన రెండో ఏడు

ఆగ్నేయ రాష్ట్రాల లాంగ్‌లీఫ్ పైన్ అడవులు మంటతో బతికే అడవులు. రెండు మూడేళ్లకోసారి నేలబారు మంట రాకపోతే గట్టి కలప చెట్లు కింద నుంచి లేచి గడ్డిని చంపేస్తాయి. అందుకే అటవీ శాఖలు కావాలనే, గాలి, తేమ చూసుకుని నిప్పు పెడతాయి. గూటికి, మంటకు ఉన్న సంబంధం ఏడాదిని బట్టి మారుతుంది. అప్పుడే కాలిన చోట పెట్ట గుడ్లు పెట్టదు, చాటు లేదు. కానీ మేతకు వస్తుంది, కాలిన నేలలో గింజలు, పురుగులు, లేత చిగుళ్లు తేలిగ్గా దొరుకుతాయి. రెండో ఏడు ముగిసేసరికి గడ్డి, బ్లాక్‌బెర్రీ తీగలు, పైన్ మొలకలు మోకాలి ఎత్తుకు వస్తాయి, గూళ్లు మొదలవుతాయి. మూడో ఏడు ఇంకా బాగుంటుంది. అయిదారేళ్లు వదిలేస్తే కింద మనిషి దూరలేనంత గుబురు పెరుగుతుంది. గూడు పెట్టినా, పిల్లలను నడిపించుకుపోవడానికి దారి ఉండదు.

ఏప్రిల్, మే నెలల్లో పెట్టే మంటల్లో గూళ్లు కాలిపోవా అన్నది వేటగాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న. కొన్ని కాలుతాయి. కానీ ఒక ఏడాదిలో కాలేది మొత్తం అడవిలో కొంత భాగమే, పెట్ట ఆ వారంలోనే ఆ బ్లాకులోనే కూర్చుని ఉండాలి, కాబట్టి నష్టం చిన్నది. వేటాడే జంతువుల వల్ల పోయేవాటి ముందు అసలు లెక్కకే రాదు. అసలు తప్పు వేరే చోట జరుగుతోంది. హెలికాప్టర్ నుంచి నిప్పు బంతులు జారవిడుస్తూ వందల, వేల ఎకరాలు ఒక్క రోజులో కాల్చడం చవక. కానీ అంత పెద్ద కాలిన మైదానంలో పెట్టలు అంచు నుంచి రెండు మూడు వందల మీటర్లకు మించి లోపలికి పోవు. మధ్య భాగం ఆ ఏడు వాటికి లేనట్టే. యాభై ఎకరాలకు అటూ ఇటూగా బ్లాకులు చేసి, పక్కపక్క బ్లాకులు వేర్వేరు ఏళ్లలో కాలేలా చూస్తే, ఒకే పెట్ట తిరిగే మేరలో కొత్తగా కాలినది, రెండేళ్లది, మూడేళ్లది అన్నీ దొరుకుతాయి.

ఎంచుకున్న చోటే బతికిస్తుందా?

పదేళ్లకు పైగా ఇప్పుడు పెట్టల వీపున చిన్న జీపీఎస్ సంచులు కడుతున్నారు. జార్జియా విశ్వవిద్యాలయంలో మైకేల్ చాంబర్లిన్, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రెట్ కోలియర్ బృందాలు ఈ పనిలో ముందున్నాయి. పాత రేడియో పరికరాల కాలంలో పెట్ట వారాల తరబడి తిరిగి, చోట్లు పోల్చి చూసి, మంచిది ఎంచుకుంటుందని అనుకునేవారు. గంటగంటకూ దాని జాడ తెలిశాక అలా వెతికిన సాక్ష్యం పెద్దగా కనబడలేదు. గుడ్డు వచ్చే వేళకు తాను తిరుగుతున్న మేరలో చాటు చాలినచోట కూర్చుంటుందన్నట్టే ఉంది.

ఇంకో విషయం ఇంకా ఇబ్బందికరమైనది. గూడు ఎక్కడుంటుందో పొద సాంద్రత బాగానే చెబుతుంది. ఆ గూడు నిలుస్తుందో లేదో చాలా అధ్యయనాల్లో చెప్పలేకపోతోంది. పోయిన గూటి చుట్టూ, నిలిచిన గూటి చుట్టూ కొలిస్తే పొద దాదాపు ఒకేలా ఉంటోంది. దీన్నిబట్టి పొద అక్కర్లేదని అర్థం చేసుకుంటే పొరపాటు. పెట్టలన్నీ ఇప్పటికే తగినంత చాటు ఉన్నచోటే కూర్చున్నాయి కాబట్టి వాటి మధ్య తేడా తక్కువ. చాటు లేని ఖాళీ నేల మీద పెట్టిన గూళ్లు పోలికకు దొరకవు. ఒక మేరకు చాటు ఉండి తీరాలి, ఆ మేర దాటాక ఇంకా దట్టమైనంత మాత్రాన లాభం పెరగదు అన్నది ఎక్కువ సబబైన వివరణ.

మిగతాది పొద చేతిలో లేదు. న్యూయార్క్‌లో 1998లో వెలువడిన పరిశోధన వాన మీద వేలు పెట్టింది. పొదిగే రోజుల్లో వానలు కురిసిన ఏళ్లలో గూళ్లు ఎక్కువ పోయాయి. తడిసిన పక్షి వాసన బలంగా వ్యాపించి రకూన్ లాంటివాటికి దారి చూపిస్తుందన్నది దాని వెనకున్న ఊహ. పెట్ట ప్రవర్తన కూడా ఉంది. సాధారణంగా రోజుకోసారి, గంట అటూ ఇటూగా, మేతకు లేస్తుంది. ఒక్కో పెట్ట కొన్ని వందల మీటర్ల దూరం పోయి మేస్తుంది. మేత పక్కనే లేకపోతే దూరం పోవాలి, పోయి రావడంలో కంటపడాలి. చుట్టుపక్కల నేల ఎలా ఉందన్నది ఇలా గూటిలోకి వచ్చి కూర్చుంటుంది.

1980లో డగ్లస్ జాన్సన్ అనే పర్యావరణ శాస్త్రవేత్త జంతువుల ఎంపికను నాలుగు అంచెలుగా విడదీశాడు: జాతి విస్తరించిన ప్రాంతం, అందులో ఒక జీవి తిరిగే మేర, ఆ మేరలో వాడుకునే అడవి రకాలు, ఆ అడవిలో పలానా చోటు. టర్కీ గూటి పరిశోధన ఏళ్ల తరబడి నాలుగో అంచె మీదే, అంటే గూటి చుట్టూ పదిహేను మీటర్ల మీదే, తిష్ఠ వేసింది. కొలవడం తేలిక గనుక. గూటి భవితవ్యం ఎక్కువగా రెండు, మూడు అంచెల్లో తేలుతోందని ఇప్పటి సమాచారం సూచిస్తోంది.

ఆ అంచెల్లో మొదట చూడాల్సింది పిల్లల మేత. గుడ్డు పగిలిన ఒక రోజులోపే పెట్ట పిల్లలను నడిపించుకుని బయల్దేరుతుంది, మళ్లీ గూటికి రాదు. దాదాపు రెండు వారాల వయసు దాకా అవి చెట్టెక్కలేవు. రాత్రి తల్లి రెక్కల కింద నేల మీదే. వాటి తిండిలో అధిక భాగం పురుగులు. మోకాలి ఎత్తు ఆకు, కింద పిల్ల నడవడానికి ఖాళీ నేల, ఈ రెండూ కలిసిన చోటు కావాలి. పుట్టిన పిల్లల్లో సగానికి పైగా తొలి రెండు వారాల్లోనే పోతాయి. అలాంటి మేత గూటికి రెండు వందల మీటర్లలో ఉంటే ఒక సంగతి, ఒక మైలు అవతల ఉంటే ఇంకో సంగతి. గూడు గెలిచి పిల్లలు పోతే ఆ గెలుపుకు విలువ లేదు.

భూమి ఉన్నవాళ్లు చేయగలిగింది

పైన్ తోట ఉంటే ముందు పలచన చేయాలి. ఎకరంలోని చెట్ల కాండాలన్నిటినీ ఛాతీ ఎత్తులో అడ్డంగా కోసినట్టు ఊహిస్తే వచ్చే మొత్తం వైశాల్యాన్ని 60 నుంచి 80 చదరపు అడుగులకు దింపితే నేల మీద ఎండ పడుతుంది. తర్వాత మూడేళ్ల చక్రంలో, ఏటా మూడో వంతు చొప్పున మంట. పలచన చేసి మంట పెట్టకపోతే నాలుగేళ్లలో స్వీట్‌గమ్ చెట్ల మొలకలు తోటను మింగేస్తాయి. పలచన చేయకుండా మంట పెడితే ఎండ లేక ఏమీ లేవదు. రెండూ కలిసి జరగాలి.

పాత మేతబీడులో టాల్ ఫెస్క్యూ గడ్డి చాపలా అల్లుకుని ఉంటే పైకి పచ్చగా కనిపించినా లాభం లేదు, అందులో పిల్ల అడుగు తీయలేదు. చలి మొదలయ్యే వేళ, మిగతా మొక్కలు నిద్రపోయి ఫెస్క్యూ ఒక్కటే పచ్చగా ఉన్నప్పుడు కలుపుమందు కొట్టి, తర్వాత నేలలో ఉన్న విత్తనాలను మొలవనివ్వడం చాలామంది పాటించే దారి. బంజరు చేలో ఏటా మూడో వంతు పట్టీని అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు పైపైన డిస్క్‌తో దున్నితే అదే పని అవుతుంది. మొక్కజొన్న గింజలు పోసే ఫీడర్లు గూళ్ల దగ్గర పెట్టడం మాత్రం రకూన్లకు విందు పిలుపే.

పెద్ద నష్టం చేసే ఇంకొకటి ట్రాక్టరు. విస్కాన్సిన్, అయోవా లాంటి చోట్ల అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు చేను ఏప్రిల్, మే నెలల్లో పెట్టకు కావలసిన ఎత్తుకు సరిగ్గా పెరుగుతుంది. పెట్ట అక్కడ కూర్చుంటుంది. మే చివర, జూన్ మొదట్లో తొలి కోత. పొదగడం చివర్లో ఉన్న పెట్ట అంత తేలిగ్గా లేవదు, బ్లేడు వచ్చేదాకా కూర్చునే ఉంటుంది. గుడ్లతో పాటు అదీ పోతుంది. ఎండుమేత అమ్ముకునే రైతు కోత ఆపలేడు. కానీ బీడు అందంగా కనబడాలని, బాట పక్కన చదునుగా ఉండాలని చేసే కోతలకు ఏప్రిల్ నుంచి జూలై దాకా సెలవివ్వచ్చు. కోస్తుండగా పెట్ట లేచి గూడు కనబడితే కొందరు జాలిపడి చుట్టూ ఒక గుండ్రటి గడ్డి ముక్క వదిలి మిగతా చేనంతా కోసేస్తారు. చదునైన చేలో నిలిచిన ఆ ఒక్క ముక్క కాకికి పైనుంచి కనిపిస్తుంది, రకూన్ రాత్రి నేరుగా అక్కడికే నడుస్తుంది. వదలదలిస్తే గూడు నుంచి చేను అంచు దాకా, పక్క పొదతో కలిసేలా వెడల్పాటి పట్టీ వదలాలి.